వేసవి సెలవుల్లో యవ్వనస్థులతో ఇళ్ల మరమ్మతు సేవ: పెంకుటిల్లు, రేకుల ఇల్లు, శ్లాబు ఇల్లు. ఎక్కడ మొదలెట్టాలి?

మెట్టఊరి_యూత్

అందరికీ వందనాలు. మాది ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం. మా సంఘం యవ్వనస్థుల కూటమిలో 14 మంది ఉన్నాం. ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లే ఎక్కువ. ఒకడు ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఇద్దరు తాపీ పనికి హెల్పర్లుగా వెళ్తుంటారు. అయిదుగురు ఆడపిల్లలు. ప్రతి వేసవిలో విబిఎస్ (సెలవుల్లో పిల్లల బైబిలు బడి), పాటల పోటీలు పెట్టుకుంటాం. ఈసారి పాస్టరు గారు వేరే మాట అన్నారు: వానలు పడేలోపు ఊళ్లో కురిసే ఇళ్లు మూడు బాగుచేయండి, సాయంత్రం వాక్యం ఆ వాకిట్లోనే పెట్టుకుందాం అని. పిల్లలంతా సరేనన్నారు. ఎలా చేయాలో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలీదు.

ఇళ్లు ఇవీ:

ఒకటి, మామ్మగారు ఒక్కరే ఉండే పెంకుటిల్లు. బెంగుళూరు పెంకులు, మట్టిగోడలు, 20 × 20 అడుగులు. నాలుగు చోట్ల కురుస్తోంది. గోడలకి ఎప్పుడో సిమెంటు పూయించారు, అది ఉబ్బి ఊడిపోతోంది.

రెండు, సిమెంటు రేకుల ఇల్లు. పక్షవాతంతో మంచాన పడ్డ ఒకాయన, ఆయన భార్య, స్కూలుకెళ్లే పాప. రెండు రేకులు పగిలాయి. వీళ్లు మన సంఘంవాళ్లు కాదు, హిందువులు. "ముందు మనవాళ్లవి చూడండి" అని ఒకరిద్దరు పెద్దలు అంటున్నారు.

మూడు, పాత కాలనీ శ్లాబు ఇల్లు. వంటగదిలో పెచ్చులూడి ఊచలు కనిపిస్తున్నాయి.

చేతిలో 35 వేలు ఉన్నాయి. మే రెండో వారం నుంచి పది రోజులు టైముంది. ఏ ఇల్లు ముందు? పిల్లలు ఏ పని చేయొచ్చు, ఏది చేయకూడదు? ప్రార్థన, వాక్యం పనిలో ఎలా కలపాలి? ఆడపిల్లల ఇళ్లలో ఇంకా ఒప్పుకోలేదు, అదొకటి.

తాపీ_లెవెల్

మూడో ఇంటి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మీవాళ్లు ఉత్సాహంగా చేయి పెట్టేది అక్కడే. దాన్ని ముట్టుకోవద్దు. ఊచ తుప్పు పట్టినప్పుడు లావెక్కుతుంది, ఆ ఒత్తిడికి కింది కవరు పగిలి పెచ్చు రాలుతుంది. దానిమీద సిమెంటు పూసేస్తే లోపల తుప్పు ఆగదు. కొన్నాళ్లకి మీరు పూసినది కూడా కలుపుకుని ఇంకా పెద్ద పెచ్చు పడుతుంది, కింద ఎవరుంటారో తెలీదు. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉంటారు, ఆయన్ని తీసుకొచ్చి చూపించండి. ఆయన చెప్పేలోపు మీరు చేయగలిగింది: పొయ్యి ఆ గదిలోంచి బయటికి మార్చడం, శ్లాబు మీద చెత్త ఊడ్చి తూములు శుభ్రం చేయడం, పిట్టగోడ మూల రావిమొక్క ఉంటే వేళ్లతో సహా తీయడం. శ్లాబు మీద నీళ్లు నిలవకపోతే సగం జబ్బు నెమ్మదిస్తుంది. వేలాడే పెచ్చుల్ని సుత్తితో కొట్టి రాల్చే పని పిల్లలకి ఇవ్వొద్దు.

ఇప్పుడు పెంకుటిల్లు. మీ పది రోజుల్లో ఎక్కువ పని ఇక్కడే.

కురిసే చోటు పట్టుకోవడం: చుక్క పడే చోట పైన పెంకు పగిలి ఉంటుందని అనుకోవద్దు. నీళ్లు రీపరు (పెంకులు ఆనే సన్న చెక్క) పట్టుకుని, వాసం మీదుగా అడుగులు ప్రయాణం చేసి ఎక్కడో కారతాయి. ఒకరు లోపల సుద్దముక్కతో నిలబడాలి, ఇంకొకరు బయట నిచ్చెన మీంచి పైపుతో చూరు దగ్గర మొదలుపెట్టి వరస వరసగా పైకి నీళ్లు పట్టాలి. పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏమీ తెలీదు. తడి కనిపించిన వాసం మీద గుర్తు పెట్టండి. పగలు దీపం తీసేసి లోపల నిలబడి చూస్తే వెలుతురు చుక్కలు కూడా కనిపిస్తాయి.

కర్ర చూడటం: స్క్రూడ్రైవర్‌తో ప్రతి వాసాన్నీ గోడ మీద ఆనే చోట పొడవండి. పుచ్చు, చెద ముందు పట్టేది ఆ చివర్లే. పావు అంగుళం సులువుగా దిగితే ఆ ముక్క మార్చాలి. వాసం మొత్తం మార్చక్కర్లేదు, మంచి కర్ర ముక్క పక్కన జోడించి బోల్టులు వేయొచ్చు. ఆ జోడు గట్టి భాగాన్ని కనీసం రెండడుగులు పట్టుకోవాలి. దూలం పుచ్చితే ఆగిపోండి, అది వడ్రంగి మేస్త్రీ చూడాల్సిన పని.

లెక్క: 20 × 20 అని 400 చదరపుటడుగులు రాసుకోకండి. చూరు నాలుగు వైపులా అడుగున్నర బయటికి వస్తే 23 × 23 అవుతుంది, దానికి వాలు కలిపితే కప్పు 600 దాకా వస్తుంది. నూరు చదరపుటడుగులకి సుమారు 140 పెంకులు. మీరు కప్పంతా మార్చడం లేదు కాబట్టి పగిలినవి లెక్కపెట్టండి. దించేటప్పుడు పదింట ఒకటి విరుగుతుందని వేసుకుని ఆ మేరకు ఎక్కువ కొనండి. కొప్పు పెంకులు (రెండు వాలులు పైన కలిసే చోట కప్పేవి) విడిగా లెక్క.

కొనేటప్పుడు ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పెంకులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ ఒక్కో ఫ్యాక్టరీ పెంకు గాడి ఒక్కో రకం. కలవని పెంకు వరస మధ్యలో వేస్తే పక్కదాన్ని ఎత్తిపెడుతుంది, ఆ సందులోంచి గాలివాన కొడుతుంది. ఒక మంచి పెంకు సంచిలో వేసుకుని పాత ఇళ్ల సామాను అమ్మే చోటుకి వెళ్లండి, దాని వెనకున్న ముద్ర చూసి అదే రకం వెతకండి. దొరక్కపోతే కొత్త రకమంతా ఒక వాలుకే వేసి, అక్కడ దిగిన పాతవాటితో రెండో వాలు సరిచేయండి. రీపర్ల దూరం సాధారణంగా పన్నెండున్నర అంగుళాలు. అయినా పుస్తకం లెక్క నమ్మకుండా మీ పెంకుల్ని నేల మీద రెండు వరసలు పేర్చి, కొక్కెం నుంచి కొక్కేనికి టేపు పెట్టి కొలవండి.

విప్పడం కొప్పు నుంచి కిందికి, కప్పడం చూరు నుంచి పైకి. సాయంత్రంలోపు మళ్లీ కప్పగలిగినంత మేరే విప్పండి. మేలో సాయంత్రం వాన చెప్పి రాదు. మందంపాటి టార్పాలిన్, తాళ్లు వాకిట్లోనే ఉండాలి. చూరు వైపు రెండు వరసలు, అంచు పెంకులు జీఐ తీగతో రీపరుకి కట్టండి. చాలా పెంకులకి అడుగున చిన్న బొడిపె, దానికి బెజ్జం ఉంటాయి, అవి దీనికోసమే. గాలి ముందు లేపేది ఆ అంచుల్నే.

కొప్పు పెంకులకి 1:4 మాలు (ఒక వంతు సిమెంటుకి నాలుగు వంతుల ఇసుక) చాలు. పెంకుని నీళ్లలో ముంచి తీశాకే పెట్టండి, ఎండు పెంకు మాలులో నీళ్లు పీల్చేసి పట్టు వదిలేస్తుంది. రెండు అంచుల కింద మాత్రమే మాలు వేయాలి. లోపల కుక్కి నింపితే బరువూ, పగుళ్లూ తప్ప ఏమీ రాదు.

ఈ పెంకుల్ని 1860ల్లో మంగుళూరు దగ్గర ఫ్యాక్టరీ పెట్టి చేయడం మొదలెట్టింది బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థవాళ్లు. మీ సాయంత్రం కూటానికి పనికొస్తుందేమో.

నిక్కచ్చి_మాట

బ్రదర్, ఏమీ అనుకోకండి. ఆ 35 వేలు మేస్త్రీకిచ్చి సామాను తెప్పిస్తే వారంలో ముగించి వెళ్తాడు. పద్నాలుగు మంది పిల్లలు కప్పెక్కితే బాగున్న పెంకులు కూడా పోతాయి. సేవ పేరుతో సగం సగం చేసి, ఫోటోలు దిగి వచ్చేసిన ఇళ్లు చూశాం. వానొస్తే తిట్టుకునేది ఆ ఇంటివాళ్లే.

తాపీ_లెవెల్

సగం ఒప్పుకుంటా. అందుకే మేస్త్రీ లేకుండా మొదలెట్టొద్దు. పెంకుటింటికి ఒక మేస్త్రీని పెట్టుకోండి, రోజు కూలి పూర్తిగా ఇవ్వండి. "దేవుని పని కదా, తగ్గించుకో" అనడం అన్యాయం, ఆయన పిల్లలు కూడా తినాలి. ఆయన చెప్పిందే మాట. కూటమి సెక్రటరీ కూడా అక్కడ హెల్పరే.

కప్పు మీద ఒక్కసారికి ఇద్దరు, అదీ మేస్త్రీ, తాపీ పనికెళ్లే మీ కుర్రాళ్లలో ఒకడు. 18 నిండనివాళ్లు ఎవరూ పైకెక్కకూడదు. మిగతావాళ్లకి కింద పని తక్కువేం కాదు. నిచ్చెన మొదలు నుంచి వాకిలి చివరిదాకా వరసగా నిలబడి పెంకులు చేతులు మార్చడం, పాచి గీకి కడగడం, గోటితో తట్టి ఖంగుమన్నవీ బొద్దుగా పలికినవీ వేరు చేయడం (బొద్దుగా పలికితే కంటికి కనిపించని బీట ఉన్నట్టే), రీపర్లకి చెదల మందు పూయడం, మాలు కలపడం. నిచ్చెన ఎత్తులో ప్రతి నాలుగడుగులకి మొదలు గోడకి ఒకడుగు దూరం, పై చివర చూరుకంటే మూడడుగులు పైకి రావాలి, తాడుతో కట్టాలి, కింద ఒకరు పట్టుకోవాలి.

రేకుల ఇంటి దగ్గర రూలు ఇంకా గట్టిది. సిమెంటు రేకు మీద ఎవరూ కాలు పెట్టకూడదు. చూడ్డానికి రాయిలా ఉంటుంది, పాతబడ్డాక మధ్యలో అడుగేస్తే మనిషిని మింగేస్తుంది. మేస్త్రీ కూడా రెండు పర్లిన్‌ల (రేకుల్ని మోసే అడ్డ పైపుల) మీద ఆనేలా పలక వేసుకుని దాని మీదే కదలాలి. ఈ పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, కోసినా, డ్రిల్లు వేసినా, విరగ్గొట్టినా పీచు గాల్లోకి లేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. చేతిరుమాలు దాన్ని ఆపదు. పగిలిన రేకుని ముందు నీళ్లతో బాగా తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు చేయకుండా దించి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టండి. ఆ పని జరుగుతున్నంతసేపూ పిల్లలు, ఆ పాప, మంచం మీదున్నాయన అందరూ వేరే ఇంట్లో ఉండాలి. దించిన రేకుల్ని కాలవ మీద మూతగానో, కోళ్లగూటికో ఇచ్చేయకండి. ఎక్కడ వదలాలో పంచాయతీని అడిగి ఆ ప్రకారం చేయండి.

కొత్త రేకు: పాతదాని పొడవు, అలల సంఖ్య కొలుచుకుని అదే కొలత తెండి, ఆస్బెస్టాస్ లేనిది అడగండి. పొడవు వైపు 6 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. పర్లిన్‌ల మధ్య 1.4 మీటర్లకి మించి దూరముంటే కొత్త రేకు కూడా పగులుతుంది, అప్పుడు మధ్యలో ఒక పైపు వేయించాలి. అసలు అవి పగిలింది అందుకేనేమో ముందు చూడండి. జె-బోల్టు (కొక్కెంలా వంగిన బోల్టు) బెజ్జం అల మీద వేయాలి, పల్లంలో వేస్తే అక్కడే కురుస్తుంది. బెజ్జం బోల్టుకంటే 2 మి.మీ. పెద్దగా ఉండాలి, తారు వాషరు, దాని మీద జీఐ వాషరు. వాషరు కాస్త నొక్కుకునేదాకా బిగించి ఆపండి. బలమంతా పెట్టి తిప్పితే వారంలో ఆ బెజ్జం చుట్టూ బీట వస్తుంది. గాలికి లేవకుండా రేకుల మీద రాళ్లు, ఇసుక బస్తాలు పెట్టే అలవాటుంది చూడండి, తుపాను గాలికి రేకుతో పాటు ఆ రాయీ లేస్తుంది.

ఇంకొకటి, చాలామంది చూడనిది: సర్వీసు వైరు రేకుకి గానీ ఇనప పైపుకి గానీ రాసుకుంటోందా? రాసుకుంటుంటే పని మొదలెట్టకముందే లైన్‌మన్‌ని పిలవండి. మీ ఐటీఐ కుర్రాడు దాన్ని ముట్టుకోకూడదు. ఇంటి లోపల హోల్డర్లు, స్విచ్చులు, వదులైన వైర్లు మార్చడం వరకు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పక్కనుండగా చేయనివ్వండి. డబ్బు మిగిలితే 30 ఎంఏ ఆర్‌సీసీబీ (షాకు కొడితే వెంటనే కరెంటు ఆపేసే స్విచ్చు) ఒకటి పెట్టించండి, ఎర్తింగ్ ఉందో లేదో చూశాక.

వాకిలి_కీర్తన

మెట్టఊరి తమ్ముడూ, పని సంగతి పైన చెప్పారు. నేను సహవాసం, ఆడపిల్లల సంగతి చెప్తాను.

ఆడపిల్లల్ని పంపమని మీ కుర్రాళ్లు వెళ్లి అడిగితే ఒప్పుకోరు. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు పెద్దావిడలు రోజంతా అక్కడ ఉంటారని, ఆరున్నరకి ఇంటి దగ్గర దింపుతారని ఆ పెద్దావిడలే వెళ్లి చెప్పాలి. పని దగ్గర వాళ్లకి వాడుకోవడానికి మరుగుదొడ్డి ఏ ఇంట్లోనో ముందే మాట్లాడి పెట్టండి, ఇది ఎవరూ పైకి అడగరు, లేకపోతే రెండో రోజుకి మానేస్తారు. చున్నీలు పిన్నులు పెట్టి బిగించుకోవాలి, చెప్పులు కాదు బూట్లు. వాళ్లని వంటకీ, టీకీ పరిమితం చేస్తే సేవకి పిలిచి వంటింట్లో పెట్టినట్టే. కొలతలు, లెక్కల పుస్తకం, మాలు, పెంకుల వరస అన్నీ వంతులు. వంట కూడా వంతే, అబ్బాయిలకి కూడా.

వాక్యం విషయంలో: పొద్దున అయిదున్నరకి పది నిమిషాలు చాలు. ఒక వచనం, ఒక చిన్న ప్రార్థన, ఎవరికి ఏ పని. ఎండ ఎక్కేలోపు చల్లటి గంటలు చేతిలోంచి పోకూడదు. సాయంత్రం అరగంట. దానికి నెహెమ్యా మూడో అధ్యాయం తీసుకోండి, యెరూషలేము గోడ బాగుచేసిన సంగతి. పేర్ల పట్టికలా ఉందని సాధారణంగా దాటేస్తాం, మీ పిల్లలు పని చేసొచ్చి చదివితే వేరేగా వినిపిస్తుంది. కంసాలులు, పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్లు, యాజకులు, ఎవరికి వారు తమ వంతు గోడ పట్టుకుంటారు. 12వ వచనంలో షల్లూము, అతని కుమార్తెలు ఉంటారు, ఒప్పుకోని తల్లిదండ్రులకి ఆ వచనం చూపించొచ్చు. అయిదో వచనంలో తెకోవ ఊరి ఘనులు పనికి మెడ వంచలేదని కూడా రాసి ఉంది, దాన్ని పెద్దల ముందు గట్టిగా చదవాలా వద్దా అన్నది మీ తెలివి. రెండో సాయంత్రం యాకోబు రెండో అధ్యాయం, 15, 16 వచనాలు, లేనివాళ్లకి ఉత్త మాటలు చెప్పి పంపేయడం గురించి. ఒకరే ప్రసంగం చేయొద్దు. ఆ రోజు ఏ పని దగ్గర ఏమి తెలిసిందో ఒక్కొక్కరూ రెండు మాటలు చెప్పనివ్వండి, చెప్పను అన్నవాళ్లని వదిలేయండి. కూటంలో నోరు విప్పని పిల్లలు మాలు కలుపుతూ పక్కవాళ్లతో మాట్లాడతారు, కాబట్టి జతలు మీరే వేయండి: కాలేజీవాడితో కూలికెళ్లేవాడిని. స్నేహితులిద్దర్నీ ఒక జతలో పెడితే మూడోవాడు ఎప్పటికీ బయటే ఉంటాడు. కూలికెళ్లేవాడికి తట్ట పట్టడం, గరిట తిప్పడం వచ్చు, కాలేజీవాడికి రాదు. సంఘంలో ఎప్పుడూ చదువుకున్నవాడే నేర్పుతాడు, ఇక్కడ తిరగబడుతుంది. అందులోంచే సహవాసం వస్తుంది.

నీళ్ల సంగతి సూటిగా చెప్తా. ఏ పేటవాళ్లు ఏ పేటలో నీళ్లు తాగుతారు అన్నది మన సంఘాల్లో కూడా చావలేదు. ఆ ఇంటివాళ్లు ఇచ్చిన గ్లాసులో అందరూ తాగాలని మొదటి రోజే అనుకోండి. విడిగా బాటిళ్లు, విడిగా ప్లేట్లు తెచ్చుకునేవాళ్లు ఉంటే పాస్టరు గారు ముందే మాట్లాడాలి. మామ్మగారు టీ ఇస్తే కాదనకండి, చక్కెర, పాలు మీరు ముందే ఆమె ఇంట్లో ఇచ్చి పెట్టండి.

రెండో ఇంట్లో కరపత్రాలు, బిగ్గరగా ప్రార్థనలు వద్దు. వాళ్లు అడిగితే ప్రార్థించండి, ఎందుకు చేస్తున్నారని అడిగితే దాపరికం లేకుండా చెప్పండి. ఈ సహాయానికి ఏ షరతూ లేదని మొదటి రోజే పాస్టరు గారి నోటితో చెప్పించండి, లేకపోతే ఊళ్లో మాట ఇంకోలా తిరుగుతుంది. పెద్దలు "మనవాళ్లు" అంటే లూకా 10 తీయండి, అక్కడ పొరుగువాడు ఎవరని అడిగినవాడికి వచ్చిన జవాబు ఉంది. మంచం మీదున్న మనిషి ఫోటో తీయకండి, ఎవరు అడిగినా.

డల్లాస్_తెలుగు

ఇక్కడ అమెరికాలో మెథడిస్టు సంఘాల పిల్లలతో చాలా ఏళ్లుగా నడిచే పద్ధతి ఒకటుంది, మీకు పనికొచ్చేవి రెండు చెప్తా. అపలాచియా సర్వీస్ ప్రాజెక్ట్ అని 1969లో గ్లెన్ "టెక్స్" ఎవాన్స్ అనే పాస్టరు మొదలుపెట్టారు. మొదటి వేసవిలో 50 మంది వలంటీర్లు కెంటకీలో బార్బర్‌విల్ దగ్గర నాలుగు ఇళ్లు బాగుచేశారు. వాళ్లు ఇంటిని చూసే లెక్క మూడు మాటలే: వెచ్చగా, భద్రంగా, పొడిగా. రంగులు, అందం తర్వాత. మీకు వెచ్చదనం అక్కర్లేదు, ఆ చోట చల్లదనం పెట్టుకోండి.

మొదటిది: గుంపు చిన్నది. సాధారణంగా అయిదుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలు ఒక ఇంటికి. మీ 14 మందినీ రెండు గుంపులు చేయండి. అందర్నీ ఒకే ఇంటి మీద వదిలితే ఆరుగురు పని చేస్తారు, మిగతావాళ్లు ఫోన్లు చూస్తారు.

రెండోది: అక్కడ ఒక వారం వచ్చిన గుంపు పని పూర్తి కాకుండానే వెళ్లిపోతుంది, తర్వాతి వారం ఇంకో గుంపు అందుకుంటుంది. అందుకని ఏది విప్పారు, ఏది మిగిలింది, సామాను ఎంతుంది అన్నీ రాసి పెడతారు. మీరూ ఇంటికో నోటుబుక్కు పెట్టండి. పదో రోజున మిగిలిన పని జూన్‌లో ఎవరు చూస్తారో అందులో పేరు రాయండి.

మన దగ్గరా ఇది కొత్తేమీ కాదు. క్రైస్తవ విశ్వాసంలోంచి 1976లో పుట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ 1983లో ఇండియాలో మొదలైంది ఖమ్మంలోనే.

మెట్టఊరి_యూత్

అందరికీ చాలా థ్యాంక్సండి. శ్లాబు ఇల్లు సచివాలయానికి అప్పజెప్తున్నాం. రెండు గుంపులు చేశాం. ఇంకో మూడు అడుగుతా. మట్టిగోడ మీద ఊడుతున్న సిమెంటు ఏం చేయాలి? పిల్లలు సున్నం వేయాలని పట్టుబడుతున్నారు, వేయనివ్వచ్చా? రెండో ఇంట్లో ఆయన్ని చక్రాల కుర్చీలో బయటికి తేవడానికి ర్యాంపు కట్టాలనుంది, గడప అడ్డం వస్తోంది.

గోడసున్నం

మట్టిగోడకి సిమెంటు పూయడమే తప్పు. నేలలోంచి తడి గోడలోకి ఎక్కుతుంది, మట్టిగోడైతే అది బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూశాక ఆ తడికి దారి లేక లోపలే ఉండి మట్టిని మెత్తబరుస్తుంది, అప్పుడు పెచ్చు మట్టితో సహా వస్తుంది. సుత్తి పిడితో తట్టండి, డొల్లగా పలికిన చోట తీసేయండి. గట్టిగా ఉన్నచోట పీకితే గోడే పోతుంది, దాన్ని ఉండనివ్వండి.

తీసిన చోట మట్టి పూతే వేయాలి. ఎర్రమట్టి, వేలెడు పొడవున కోసిన గడ్డి నీళ్లు పోసి తొక్కి నాలుగైదు రోజులు నాననివ్వండి, రోజూ ఒకసారి తొక్కాలి. ఘనపు మీటరు మట్టికి 60 కిలోల పైన గడ్డి పడుతుంది. గడ్డి తక్కువైతే ఆరాక గోడంతా బీటలే. మీ పది రోజుల్లో ఇది మొదటి రోజే నానేయాలి, చివర్లో గుర్తొస్తే లాభం లేదు. పూసేముందు గోడ మీద నీళ్లు చిలకరించండి. అర అంగుళం చొప్పున రెండు పూతలు, మొదటిది ఆరాక రెండోది. మొదలు మూడడుగులు తడవకుండా చూరు నీళ్లు వాకిట్లోకి పారేలా చిన్న కాలవ తీయకపోతే మాత్రం మళ్లీ వచ్చే ఏడాది ఇదే పని.

సున్నం వేయనివ్వండి, మట్టిగోడకి అదే మంచిది, గాలాడుతుంది. కానీ రాతిసున్నం చల్లార్చడం పిల్లల చేత చేయించకండి. కిలో సున్నానికి సుమారు 5 లీటర్ల నీళ్లు. ఇనప డ్రమ్ములో నీళ్లు ముందు పోసి, సున్నపు గడ్డలు కొద్దికొద్దిగా అందులో వేయాలి. గడ్డల మీద నీళ్లు పోస్తే ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి కరుగుతుంది. రాత్రంతా ఉంచి, గుడ్డలో వడగట్టి, తుమ్మ బంక నానబెట్టిన నీళ్లు కలపండి, లేకపోతే చేతికంటుకుంటుంది. పల్చగా మూడు పూతలు. చిక్కగా ఒకటే వేస్తే పొరలు పొరలుగా లేస్తుంది. కంటికి అద్దాలు తప్పనిసరి, పైకి చూస్తూ వేసేటప్పుడు చుక్క కంట్లో పడితే నలపకుండా పావుగంట ధారగా నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగిలిన సున్నం రెండో ఇంటి రేకుల మీద నిచ్చెన మీంచి పొడవాటి కర్రకి కట్టిన బ్రష్‌తో వేయించండి, కప్పు ఎక్కకుండా. ఆయన పగలంతా ఆ రేకుల కిందే పడుకుంటారు, వేడి తగ్గిన సంగతి తెలుస్తుంది.

గడప కొట్టకండి. హిందువుల ఇల్లు, పసుపు రాసి ముగ్గు పెట్టుకునే గడప అది. వాళ్లు మొహమాటానికి సరే అన్నా వద్దు. గడపకి అటూ ఇటూ తీసి పెట్టుకునే చెక్క ర్యాంపులు చేయించండి, మందపాటి ప్లైవుడ్ కింద మూడు రీపర్లు, పైన జారకుండా ఇసుక చల్లిన పెయింటు. వాలు ఒకటికి పన్నెండు: ఎత్తు 6 అంగుళాలుంటే ర్యాంపు 6 అడుగులు. పొట్టిగా చేస్తే వెనక నుంచి తోసే ఆవిడ వల్ల కాదు. అసలు ర్యాంపు కంటే ముందు ఆవిణ్ణి అడగండి, రోజూ ఏది ఎక్కువ కష్టమని. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ కావాలనొచ్చు. అది నేల నుంచి 34 అంగుళాల ఎత్తున, పూతలోకి కాదు ఇటుకలోకి, యాంకర్ బోల్టులతో దిగాలి. బిగించాక మీలో బరువైనవాడు రెండు చేతులా వేలాడి చూశాకే ఆయన్ని పట్టుకోనివ్వండి.

ఎండ గురించి ఎవరూ రాయలేదు. పొద్దున అయిదున్నర నుంచి పదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. మధ్యలో పని లేదు, ఎంత మిగిలినా. లీటరు నీళ్లకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు గీటుకి సమంగా. మజ్జిగ ఉంటే ఇంకా మంచిది. తల తిరుగుతోందని ఎవరైనా అంటే ఇంకాస్త ఆగమనకండి, నీడలోకి తెచ్చి తడిగుడ్డ వేయండి. మాట తడబడినా, స్పృహ తప్పినా తాగించకుండా 108కి ఫోన్ చేయండి.

మెట్టఊరి_యూత్

ఆవిణ్ణి అడిగొచ్చాం. కడ్డీయే అన్నారు, ర్యాంపు తర్వాత చూద్దామన్నారు. స్త్రీల సమాజం అక్కయ్యలు ఇద్దరు ఒప్పుకున్నారు, ముగ్గురు ఆడపిల్లలు ఖాయం. పెంకు వెనక ముద్ర సగం అరిగింది, గాడి కొలతలు కాగితం మీద గీసుకున్నా. సోమవారం పాత సామాను కొట్టుకి వెళ్తున్నా, దొరికితే ఇక్కడ చెప్తా. మట్టి పూతకి చేను మట్టి పనికొస్తుందా, చెరువు మట్టా?

గోడసున్నం

నల్లరేగడి వద్దు, బీటలిస్తుంది. ఎర్రమట్టి పిడికిట పట్టి ఉండ చేసి నీడన ఆరబెట్టండి. పగలకుండా గట్టిగా ఉంటే సరే. పొడిగా రాలిపోతే బంకమట్టి కలపాలి, బీటలిస్తే ఇసుక కలపాలి. పైపొర అడుగు మేర తీసేసి కింది మట్టి తవ్వండి, పైదాంట్లో వేళ్లు, ఎరువు ఉంటాయి.